ఆఖరి పెట్టెలో నా చోటు

మొన్న చలికాలంలో మనవరాలు నన్ను అరకు తీసుకువెళ్ళింది. విశాఖపట్నంలో ఎక్కే ఆ అద్దాల పెట్టెలో పైకప్పు కూడా అద్దమే. కుర్చీలు ఎటు తిప్పితే అటు తిరుగుతాయి. కొండ చూడటానికి మెడ ఎత్తక్కరలేదు, కొండే వచ్చి మన మీద వాలుతుంది. మా కుర్చీల దగ్గరకు వెళ్ళేసరికి కిటికీ పక్కన ఎవరిదో టోపీ పెట్టి ఉంది. మనవరాలు దాన్ని రెండు వేళ్ళతో తీసి పక్క కుర్చీలో పడేసి, దర్జాగా కూర్చుంది. టోపీ ఆయన వచ్చాడు. నంబరు చూసుకోలేదమ్మా, సారీ అని నవ్వి, టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు. అంతే. నేను మాత్రం దెబ్బ ఎటు నుంచి వస్తుందా అని కుర్చీ చేతులు పట్టుకుని బిగుసుకుపోయి ఉన్నాను. రైలు సొరంగంలో దూరింది, పిల్లలంతా కేకలు పెట్టారు. భయమేస్తోందా నాయనమ్మా అని మనవరాలు అడిగింది. సొరంగానికి కాదన్నాను. చోటు మీద పెట్టిన వస్తువు తీసినందుకు రైల్లో నెత్తురు కారడం నేను చూశాను. ఆ నెత్తురు మా అత్తది, ఆ చోటు నాది. నాకు అక్షరాలు నలభై దాటాక వచ్చాయి, మెలికలు తిప్పి రాయడం చేతకాదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

నౌపడ నుంచి టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి మీదుగా గుణుపూరు దాకా అప్పట్లో ఒక చిన్న రైలు నడిచేది. పట్టాల మధ్య వెడల్పు ఒక మనిషి పడుకుంటే కాళ్ళు బయటికి వచ్చేంత. బొగ్గు ఇంజను, దాని వెనక అగ్గిపెట్టెల్లాంటి నాలుగైదు పెట్టెలు. ఎక్కడెక్కడి నుంచో తెల్లవాళ్ళు, పట్నాలవాళ్ళు దాన్ని చూడటానికి వచ్చేవారు. పొలాల్లో పరిగెత్తి, గట్టెక్కి, బురదలో పడి, మెడలో కెమెరాలతో దానికి ఫొటోలు తీసేవారు. ఇంజను పొగ వదిలితే చప్పట్లు కొట్టేవారు. మాకు వాళ్ళను చూస్తే నవ్వొచ్చేది. ఆ పొగకు చీరలన్నీ నల్లమచ్చలు పడి మేం తిట్టుకుంటుంటే, వీళ్ళు దానికోసం సముద్రాలు దాటి వచ్చారట. వాళ్ళకు అది వింత. మాకు అది అన్నం. మా ఉద్దానం తీరం ఆడవాళ్ళం ఎండు చేపల గంపలతో పూండిలో పాసింజరెక్కి, నౌపడలో దిగి, ఆ చిన్న రైలు పట్టుకునేవాళ్ళం. నెత్తళ్ళు, కవళ్ళు, ఉప్పేసిన సొర ముక్కలు. పర్లాకిమిడి సంతలోనూ, ఆపైనా, కొండల మీంచి దిగిన ఆడవాళ్ళు చింతపండు, అడ్డాకులు తెచ్చి మా చేపలు పట్టుకెళ్ళేవారు. సముద్రం చూడనివాళ్ళ ఇళ్ళలో మా సముద్రం కూరై ఉడికేది.

ఆఖరి పెట్టె మాది. ఎవరు రాసిచ్చారంటే ఎవరూ రాసివ్వలేదు. మా వాసనకు మిగతావాళ్ళు ఎక్కక, అది మాదైంది. అందులో ఎవరి చోటు వాళ్ళదే. ఆ చోటు అత్త నుంచి కోడలికి వచ్చేది. గుర్తు చుట్టకుదురు. పాతచీర పేలిక మెలితిప్పి, చుట్టలా చుట్టి, తలమీద గంప కింద పెట్టుకునేది. మా ఒడ్డున పడవ వచ్చినప్పుడు చేపల కుప్ప పక్కన ఒకామె తన కుదురు పెట్టి ఇంటికెళ్ళి వస్తే, ఆ కుప్పను ఇంకొకరు ముట్టరు. మంచినీళ్ళ బోరు దగ్గర కుదురు పెడితే వరస ఆమెది. రైల్లోనూ అంతే. బల్ల మీద కుదురు పెట్టి ఏ పని ఉంటే ఆ పనికి పోవడమే. ఇంకొకరి కుదురు ముట్టడమంటే ఆ మనిషి నెత్తిన చెయ్యి వెయ్యడమే. తీసినవాళ్ళను కొట్టి తీరాలి. కొట్టకుండా ఊరుకుంటే, నా తలకు విలువ లేదని నేనే ఒప్పుకున్నట్టు. మళ్ళీ వారం ఆ చోటులో ఇంకొకామె కుదురుంటుంది, అడగడానికి నోరుండదు. చోటు పోతే సంత పోయినట్టే. మా ఊళ్ళో అలా చోటు పోగొట్టుకున్న ఒకావిడ, మళ్ళీ గంప ఎత్తలేక, ఊరి చివర జీడితోటల్లో గింజలేరుకుని బతికింది.

మా అత్త సంగతి చెప్పాలి. ఆవిడ చెయ్యి ముందు లేచేది, నోరు తర్వాత తెరుచుకునేది. నేను కాపురానికొచ్చిన వారంలోనే ఎండబెట్టిన చేపలు తిరగెయ్యడం ఆలస్యమైందని ఎండు సొరతో వీపు మీద ఒకటేసింది. ఎండు సొర దెబ్బంటే ఏమిటో తిన్నవాళ్ళకే తెలుసు. గరుకు చర్మం, జాకెట్టు చిరిగి వీపు గీరుకుపోయింది. నేను తిరిగి ఆవిడ మోచెయ్యి కొరికాను. ఆవిడ చెయ్యి చూసుకుని, పళ్ళు మంచివే ఉన్నాయని ఇరుగుపొరుగుతో చెప్పింది. మెచ్చుకోలని నాకు చాలా రోజులకు గాని తెలియలేదు. మా మావను సముద్రం మింగినప్పుడు ఆవిడ ఏడవలేదంటారు. అలలోకి నడుము లోతు దిగి, తెడ్డుతో నీళ్ళను బాదిందట, చేతులు పడిపోయేదాకా. మరిది పడవలో వాటా తనదేనని ఇంటిమీదికొస్తే అదే తెడ్డుతో భుజం దించేసింది. పంచాయితీలో పెద్దలు తప్పు అంటే, తప్పే, ఇంకో భుజం కూడా దించుంటే వాడికి అర్థమయ్యుండేది అంది. ఇలాంటి మనిషి రోజూ పొద్దున్నే నా తలకు నూనె రాసి, చిక్కు తీసి, జడ వేసేది. చిక్కు తీసేటప్పుడూ కొట్టేది.

ఆవిడ మోకాళ్ళు అరిగిపోయి, గంపతో రైలు మెట్టు ఎక్కడం కష్టమైన ఏడు, చోటు నాకు ఇస్తానంది. ఇవ్వడానికి ఒక పద్ధతి ఉంది. అత్తా కోడలూ కలిసి రావాలి. అత్త చోటులో కోడలి కుదురు పెట్టాలి. పెట్టెలో ఆడవాళ్ళందరూ చూస్తుండగా, రైలు కదిలి టెక్కలి దాటేదాకా కోడలు అక్కడ కూర్చుని ఉండాలి. మధ్యలో ఎవరు లేపినా, తను లేచి దిగిపోయినా, ఆ చోటు ఎవరిదీ కాదు. ఆవిడ తన పెళ్ళినాటి చీరలోంచి పేలిక చింపి నాకు కొత్త కుదురు చుట్టింది. ఎర్రంచు బయటికి కనబడేలా, ముద్దుగా చుట్టింది. అలా సూత్తావేటి, తలకాయకు సరిపోతాదో లేదో సూసుకో అంది.

ఆ రోజు పాసింజరు దిగి చూస్తే చిన్న రైలు పెళ్ళికొడుకులా ఉంది. ఇంజనుకు బంతిపూల దండలు, పెట్టెలకు కొత్త రంగు. పట్నం నుంచి ఒక ఏజెంటు చుట్టాలను తెచ్చినట్టు తెల్లవాళ్ళను తెస్తున్నాడని, వాళ్ళను పొగబండి ఎక్కించి ఊరేగిస్తాడని టీ కొట్టువాడు చెప్పాడు. చూసేవాళ్ళు చూసుకోనీ, మనకేటి అనుకున్నాం. ఆఖరి పెట్టెలో గంపలు దించి, ఎవరి కుదురు వాళ్ళం పెట్టాం. మా అత్త నా కుదురును తన చోటులో పెట్టి, ఎర్రంచు కనబడేలా సర్దింది. తర్వాత అందరం ఇంజను దగ్గరకు పోయాం. డ్రైవరు మాకు ఎరిగున్నవాడే. ఇంజనులోంచి వేడినీళ్ళు వదిలేవాడు, మేం కాళ్ళు చేతులు కడుక్కునేవాళ్ళం, పొద్దున్నే ఉప్పుమళ్ళ మీంచి వచ్చే చలిగాలికి అదొక భోగం. పెట్టె దగ్గర కాపలాకు ఒక్కరమూ ఉండలేదు. కుదుళ్ళు ఉన్నాయి కదా. ఈ లోకంలో కుదురంటే తెలియనివాళ్ళుంటారని మాలో ఎవరికీ తట్టలేదు.

తిరిగొచ్చేసరికి పెట్టెలో బల్లల మీద తెల్ల దుప్పట్లు పరిచి ఉన్నాయి. ఏజెంటు మనుషులు ముగ్గురు, కర్రలతో, గుమ్మం దగ్గర నిలబడ్డారు. మా గంపలు ప్లాట్‌ఫాం మీద బోర్లా పడి, నెత్తళ్ళు మట్టిలో ఉన్నాయి. కుదుళ్ళన్నీ చీపురుతో ఊడ్చి బయట పారేశారు. నాది మురిక్కాలవలో ఉంది. పాత గుడ్డలనుకున్నారట. వాళ్ళ లెక్కలో అది శుభ్రం చెయ్యడమే. పెట్టె ఈ పూటకు మాట్లాడుకున్నామని, గూడ్సు పెట్టెలో ఎక్కండని ఏజెంటు దూరం నుంచే, ముక్కుకు రుమాలు పెట్టుకుని చెప్పాడు. ఒకరిద్దరు ఆడవాళ్ళు సణుగుతూ గంపలెత్తుకోబోయారు కూడా. మా అత్త కాలవలో చెయ్యి పెట్టి నా కుదురు తీసింది. పిండింది. గుమ్మంలో నిలబడ్డవాళ్ళలో లావుపాటివాడి ముందుకు వెళ్ళింది.

"ఎవులు తీసినారిది?"

"నేనే తీశాను. అయితే ఏంటి?"

"నా కోడలి కుదురది. తీసిన సోటే ఎట్టు."

గట్టిగా కూడా అనలేదు. వాడు నవ్వి, కర్ర చివరతో ఆ కుదురును ఆవిడ చేతిలోంచి ఎగరగొట్టాడు. అది వచ్చి ఆవిడ మొహానికే తగిలి, బురద కంట్లో పడింది. ఆవిడ కన్ను తుడుచుకోలేదు. అదే చేత్తో వాడి చెంప మీద కొట్టింది. ఆ చప్పుడు ప్లాట్‌ఫాం ఆ చివరి దాకా వినిపించిందని టీ కొట్టువాడు తర్వాత చాన్నాళ్ళు చెప్పుకున్నాడు. వాడు కర్రతో ఆవిడ తల మీద వేశాడు. నెత్తురు కారి చెవి మీదుగా మెడలోకి దిగింది. ఇక అక్కడి నుంచి ఎవరు ఎవరిని కొట్టారో వరసగా చెప్పలేను. సణిగినవాళ్ళే ముందు దూకారు. వాళ్ళలో ఒకడు ఒకామె చెవి కమ్మ పట్టి లాగితే చెవి తమ్మె రెండుగా చీలింది, ఆమె ఆ నెత్తుటి చేత్తోనే వాడి కళ్ళలో ఉప్పూ ఇసకా కొట్టింది. గంపలు విసిరాం, పట్టాల మధ్య కంకర విసిరాం. నా మెడ పట్టి కిందికి వంచినవాడి పిక్క కొరికాను, నోట్లోకి ముక్క వచ్చేదాకా వదల్లేదు. రైలెక్కడానికి వచ్చిన తెల్లవాళ్ళు స్టేషను గోడకు నక్కి నిలబడ్డారు. ఒక కుర్రాడు వాంతి చేసుకున్నాడు. ఇద్దరు ఫొటోలు తీస్తూనే ఉన్నారు.

ఇంతలో కూత వేసి రైలు కదిలింది. ముందున్న డ్రైవరుకు వెనక జరిగేది తెలియదు. లావుపాటివాడు పెట్టెలోకి ఎక్కి, ఇనప తలుపు మూయబోయాడు. మా అత్త, ఆ అరిగిన మోకాళ్ళతో, నా కుదురు పళ్ళ మధ్య కరుచుకుని, మెట్టు మీదికి దూకి తలుపు సందులో ఎడం చెయ్యి పెట్టింది. వాడు చూశాడు. చూసే, కాలితో తన్ని తలుపు మూశాడు. ఎముక నలిగిన చప్పుడు నేను విన్నాను. ఆవిడ అరవలేదు. అరిస్తే కుదురు నోట్లోంచి జారిపోతుంది. అలా వేలాడుతూ, మెట్టు మీద ఒక కాలు, గాలిలో ఒక కాలు, రైలుతో పాటు వెళ్ళిపోతోంది. మేం పక్కన పరిగెడుతూ కిటికీల మీద రాళ్ళు వేశాం. నేను ముందుకు ఉరికి, ఆగు ఆగు అని డ్రైవరు వైపు చేతులూపాను. నా మీది నెత్తురు చూసి అతను బ్రేకు వేశాడు.

రైలు ఆగాక ఆడవాళ్ళు తలుపు లాగేసి, లావుపాటివాణ్ణి కిందికి ఈడ్చి, ఏం చేశారో నేను చూస్తూ నిలబడ్డాను. వాడి చెయ్యి విరగ్గొట్టి, విరిగిన చోట మళ్ళీ తొక్కారు. పళ్ళు రాలాయి. జాలి పడ్డానని రాస్తే చదివేవాళ్ళకు బాగుంటుంది. పడలేదు. మిగతా ఇద్దరూ ఉప్పుమళ్ళలో పడి పారిపోయారు. ఏజెంటు రుమాలు మాత్రం దొరికింది. మా అత్త ఈ గొడవకేసి చూడనైనా చూడలేదు. పెట్టె లోపలికి నడిచింది. తన చోటు మీద దుప్పటిని కుడి చేత్తో లాగి పారేసింది. నోట్లోంచి కుదురు తీసి అక్కడ పెట్టింది, ఎర్రంచు బయటికి వచ్చేలా. తెల్ల దుప్పటి మీద, బల్ల మీద, నేల మీద అంతా నెత్తురు. నన్ను చూసి ఒక్క మాట అంది.

"కూకో."

నేను కూర్చున్నాను. అప్పుడు ఆవిడ నా కాళ్ళ దగ్గర నేల మీద కూలబడింది. డ్రైవరు డబ్బాతో వేడినీళ్ళు తెచ్చాడు. ఎవరో రవికె చింపి చెయ్యి చుట్టారు. తెల్లవాళ్ళలో ఒక ముసలామె తనంతట తనే మా పెట్టెలోకి ఎక్కి, మా అత్త తల ఒళ్ళో పెట్టుకుని, వాళ్ళ భాషలో ఏదో చెబుతూ కూర్చుంది. మా అత్త ఆమెను తోసెయ్యలేదు, అదే విచిత్రం. గార్డు వచ్చి చూసి, ఎవరినీ దిగమనలేదు. రైలు కదిలింది. టెక్కలి వచ్చేదాకా ఆవిడ కళ్ళు మూయకుండా నన్నే చూస్తూ ఉంది. నేను ఏడుస్తున్నానని కాదు, లేస్తానేమోనని.

టెక్కలిలో నలుగురు ఆడవాళ్ళు ఆవిడను ఆసుపత్రికి దింపారు. నేనూ లేచి దిగబోయాను. ఎవరైనా లేస్తారు కదా. ఆవిడ ప్లాట్‌ఫాం మీంచి వెనక్కి తిరిగి, మెట్టు మీదున్న నా పొట్టలో కుడి చేత్తో గుద్ది లోపలికి నెట్టింది.

"రైలు టెక్కలి దాటలేదింకా. దిగినావంటే కాళ్ళిరగ్గొడతాను. నా సెయ్యి ఊరికినే పోయినట్టా గుంటా?"

ఆ సంతలో నేను ఏం అమ్మానో, ఏం తెచ్చానో గుర్తులేదు. తోటివాళ్ళు ఏరి ఎక్కించిన చేపలు మట్టి దులిపి కుప్ప పోసుకుని కూర్చుని ఏడ్చాను. కొన్నవాళ్ళు చేపలు బాగులేవేమో, అందుకే ఏడుస్తోందేమోనని తిరగేసి తిరగేసి చూశారు. తిరిగి వచ్చేసరికి ఆసుపత్రిలో బొటనవేలూ, దాని పక్కవి రెండూ తీసేశారు. పోలీసులు మంచం దగ్గరకే వచ్చారు. మాకు అక్షరం ముక్క రాదు కనక ఎడం బొటనవేలు ముద్ర వెయ్యమన్నారు. ఆవిడ కట్టు కట్టిన చెయ్యి చూపించి, ఆ ఏలు ఈ ఆసుపత్రోలు పారేసినారు, ఎతికి తెచ్చి యేయించుకోండి అంది. జమేదారు నవ్వలేక, నవ్వాపుకోలేక, బయటికి వెళ్ళిపోయాడు. కేసు వాళ్ళ మీదా, మా మీదా రెండూ పెట్టారు, కొన్నాళ్ళు తిరిగాం, ఇరువైపులా విసుగొచ్చి వదిలేశాం.

ఆ తర్వాత మా పెట్టె జోలికి ఎవరూ రాలేదు. చూడవచ్చినవాళ్ళు మా మధ్యనే, గంపల మీదుగా కాళ్ళు చాపుకుని కూర్చునేవారు. వాసనకు ముక్కు మూసుకున్నవాళ్ళే పాతపట్నం వచ్చేసరికి వేయించిన నెత్తళ్ళు అడిగేవారు. ఆ చోటులో నేను చాలా ఏళ్ళు కూర్చున్నాను. అత్త ఇంట్లో ఉండి, ఎడం చేతికి మిగిలిన రెండు వేళ్ళతో చేపలు తిరగేసేది. ఆ రెండు వేళ్ళతో మొట్టడం కూడా నేర్చింది. ఐదు వేళ్ళ కన్నా అదే గట్టిగా తగిలేది.

తర్వాత పట్టాలు వెడల్పు చేస్తామని చిన్న రైలు ఆపేశారు. అది ఆగేనాటికి అత్త మంచాన పడింది. మా ఉద్దానంలో ఇంటింటికీ ఉన్న కిడ్నీ రోగమే. కాళ్ళు ఉబ్బి, మనిషి పసుపుపచ్చగా అయి, ఉప్పు తినొద్దన్నారని డాక్టరును తిట్టేది. సంత రోజున నేను గంపెత్తి ఆటోలో టెక్కలి పోయి, బస్సులో నిలబడి, వాసనొస్తోందని తిట్లు తిని, దించేస్తే దిగి, ఇంకో బస్సెక్కి వచ్చేదాన్ని. ఇంటికి రాగానే ఆవిడ మంచం మీంచి అడిగేది.

"సోటు దొరికిందేటే?"

రైలు ఆగిందని ఊళ్ళో అందరూ ఎరుగుదురు, ఆవిడ మంచం దగ్గర మాత్రం ఎవరూ అనలేదు. ఎవరైనా అంటే నేను ఊరుకునేదాన్ని కాదు.

"దొరికిందత్తా. నీ సోట్లోనే కూకున్నాను."

"ఎవులేనా తీసినారా కుదురు?"

"ఎవులు తీత్తారత్తా. అందరికీ తెలుసు గదా."

అప్పుడు ఆవిడ ఆ రెండు వేళ్ళతో నా నెత్తి తడిమేది, కుదురు ఒత్తిన చోట. ఒక్కోసారి మొట్టేది కూడా, అలవాటు కొద్దీ. అలా వారం వారం, లేని రైల్లో నా చోటు నాకు ఉండేది. చిన్న రైలు ఫలానా ఏడు ఆగిపోయిందని దాన్ని చూడవచ్చినవాళ్ళు పుస్తకాల్లో రాసుకున్నారట, వాళ్ళ లెక్క వాళ్ళది. నా మట్టుకు అది ఆవిడ పోయిన రోజు దాకా నడిచింది.